ఉత్త కూతలు – లాబీ తీర్పు

కబడ్డీ ఆడేవారు రెండు పక్షాలా కలిపి పద్నాలుగు మంది. ఆడించేవారు ఆరుగురు: ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, అతనికి ఇద్దరు సహాయకులు. తాడు వెనుక నిలబడి చూచేవారి సంఖ్యకు మాత్రం నియమావళిలో పరిమితి లేదు. అందువల్లనే కాబోలు, లోపలి ఆట నలభై నిమిషాలలో ముగిసినా వెలుపలి ఆట వారాల తరబడి ముగియదు. ఈ సంవత్సరం మన కళాశాల కబడ్డీ జట్టు తొలి రెండు పోటీలలో ఓడిపోయిన పిమ్మట అనుమసముద్రంపేటలో జరిగిన ఆ వెలుపలి ఆటను గురించి నాలుగు మాటలు వ్రాయవలెనని మా సంకల్పం. తెలుగు చెప్పుకొనే అధ్యాపకునికి కబడ్డీతో ఏమి పని అని చదువరులు అడుగవచ్చును. జట్టులోని ఏడుగురిలో అయిదుగురు మా తరగతిలో వెనుక బల్ల మీద కూర్చునేవారే కనుక ఆ పని మాకు కొంత ఉన్నదనియే అనుకొంటున్నాము.

దర్గా వీధి మొదట ఉన్న టీ అంగడి ఈ చర్చలకు సభాభవనం. గురువారం సాయంత్రం యాత్రికుల రద్దీ ఎక్కువ. అయినా మన విద్యార్థులకు రెండు బల్లలు ఎప్పుడూ దొరుకుతాయి. రెండవ ఓటమి నాటికే అక్కడ రెండు పక్షాలు ఏర్పడినవి. మన కూతలోనే పస లేదనేది ఒక పక్షం. మన కూత బాగానే ఉన్నది, రిఫరీ తీర్పే మనలను ముంచినదనేది రెండవది. మొదటి పక్షానికి తర్కం ఎక్కువ, రెండవ పక్షానికి జనం ఎక్కువ. అంగడి చాచా మాత్రం ఎవరు ఎక్కువసేపు వాదిస్తే వారి పక్షం. ఆయనకు గ్లాసుల లెక్క ముఖ్యం.

ముందు కూత సంగతి చూతము. కబడ్డీ తెలియనివారు ఈ ప్రాంతంలో లేరు. సంక్రాంతి వచ్చిందంటే ఆత్మకూరు, ఉదయగిరి వైపు పల్లెలలో పోటీ పెట్టని ఊరు అరుదు. 2023 డిసెంబరు 26న రాష్ట్రంలో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలలోనూ కబడ్డీకి స్థానం ఉండెను. కాని చెడుగుడుగా ఆడుకొన్న ఆటకూ, గీతలు గీచి గడియారం పెట్టి ఆడే ఆటకూ తేడా ఉన్నది. కూతకు వెళ్ళినవానికి ముప్పది సెకన్ల గడువు. మధ్యగీత నుండి 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాక్ గీతనైనా దాటవలె, ఎదుటివానినైనా అంటవలె. రెండూ చేయక తిరిగి వచ్చినవాడు ఔటు. గీత దాటి, ఎవరినీ అంటకుండా, ఎవరికీ చిక్కకుండా వచ్చినాడనుకోండి. అది ఉత్త కూత. నష్టం లేదు, లాభమూ లేదు. వరుసగా రెండు ఉత్త కూతలు పోతే మూడవ కూతలో పాయింటు తెచ్చి తీరవలె, లేదా ఔటు కావలె. ఎదుటి పక్షానికి ఈ లెక్క తెలుసును. మూడవ కూతకు వచ్చేవాని కోసం వలపన్ని కూర్చుంటారు.

మన జట్టు చేసినది సరిగా ఇదే. రెండు పోటీలలోనూ మొదటి సగమంతా గీత దాటి వెనుకకు రావడమే. మూడవ కూత వచ్చినప్పుడు అందరి కళ్ళూ ఒక్కని వైపే. ఆ కుర్రవాడు వేగం గలవాడు, ఎడమ కాలు చాచి బోనస్ గీతను తాకడంలో నేర్పరి. కాని ఎదుట అయిదుగురే మిగిలినప్పుడు బోనస్ ఉండదు, ఆరుగురు ఉండవలె. ఆ సంగతి వానికి తెలుసును. వానిని పంపేవారికి తెలిసినట్లు లేదు.

ఒక్కని మీద ఆధారపడే జట్టు గతి ఏమవుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2014లో ప్రొ కబడ్డీ లీగ్ మొదలయిన నాటి నుండి తెలుగు టైటాన్స్‌ను నమ్ముకొన్నవారము. మొదటి సంవత్సరాలలో రాహుల్ చౌదరి కూతకు వెళ్ళితే మన ఇండ్లలో గరిటెలు ఆగేవి. 2022లో పొరుగున ఉన్న తమిళ్ తలైవాస్ వారు పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్లకు పైగా వెచ్చించి తెచ్చుకొంటే తొలి పోటీలోనే మోకాలు దెబ్బతిని ఆ సీజన్ అంతా ఆయన ఆడనే లేదు. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు మూడింటిలోనూ టైటాన్స్‌కు దక్కినది అట్టడుగు స్థానమే. టీ అంగడిలో కూత పక్షం వారు ఈ చరిత్రను ఏకరువు పెట్టినప్పుడు తీర్పు పక్షం వారి వద్ద జవాబు లేకపోయెను. ‘అది టీవీ ఆట, ఇది మన ఆట’ అని మాత్రం అన్నారు.

ఉత్త కూతల విసుగు కబడ్డీకే పరిమితమైన జాడ్యం కాదు. మన మైదానం పడమటి అంచున వల లేని బాస్కెట్‌బాల్ స్తంభం ఒకటి ఉన్నది గదా, ఆ ఆటకూ ఒకప్పుడు ఇదే రోగం పట్టినది. 1950 నవంబరు 22న అమెరికాలో ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మినియాపొలిస్ లేకర్స్‌ను ఓడించిన పోటీలో స్కోరు ఎంతో తెలుసునా? 19-18. ఒక జట్టు బంతిని చేతిలో పెట్టుకొని కదలక నిలబడితే రెండవ జట్టు చేయగలిగినది లేదు. అప్పటి నియమాలలో దానికి అడ్డు లేదు. చూచేవారు డబ్బిచ్చి వచ్చి ఆవులించి పోవలసి వచ్చినది. సిరక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్ ఒక చిన్న లెక్క వేసినాడు. ఆట 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. మంచి ఆటలో రెండు జట్లూ కలిసి సుమారు 120 మార్లు బంతిని బుట్టకు వేస్తారు. భాగిస్తే 24. అప్పటి నుండి, అనగా 1954 నుండి, ఆ లీగులో 24 సెకన్లలోపు బంతిని బుట్టకు వేసి తీరవలె. మన ముప్పది సెకన్లూ, మూడవ కూత నిబంధనా ఆ జాతివే. ఊరకనే తిరిగి రావడం ఆట కాదని రెండు ఖండాలవారూ వేరువేరుగా గ్రహించినారన్నమాట.

మేము రెండవ పోటీకి ఒక నోటుపుస్తకం తీసికొని పోయినాము. వ్యాయామ విద్యవారి గుర్తులు మాకు తెలియవు, తెలిసినవి గురులఘువులే. పాయింటు తెచ్చిన కూతకు గురువు, ఉత్త కూతకు లఘువు వేసుకొంటూ పోయినాము. విరామ సమయానికి చూచుకొంటే ఆ పుట మీద ఏ గణానికీ లొంగని లఘువుల బారు కనిపించినది. పక్కన నిలబడిన బి.ఏ. విద్యార్థి ఒకడు తొంగి చూచి, ‘సార్, ఇది ఏ వృత్తం?’ అన్నాడు. ఛందస్సు తరగతిలో వాడు నోరు తెరచి అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. అందుకైనా ఆ పోటీ మాకు గుర్తుండిపోవును.

ఇక తీర్పు సంగతి. ఆ రెండవ పోటీలోనే, చివరి నిమిషాలలో జరిగినది. మన కుర్రవాడు మూడవ కూతకు వెళ్ళినాడు. కుడి పక్కకు జరుగుతూ జరుగుతూ లాబీలో కాలు పెట్టినాడు. ఎదుటి జట్టువారు ముగ్గురు వానిని తరుముకొంటూ వారూ లాబీలోకి వచ్చి పడవేసి పట్టినారు. మనవాడు పడుతూ పడుతూ చేయి చాచి మధ్యగీతను అందుకొన్నాడు. రిఫరీ ఈల వేసి, ఆ వైపు అంపైరుతో మాట్లాడి, తాకిడి జరుగక ముందే లాబీలోకి పోయినందున మనవాడు ఒక్కడే ఔటు అన్నాడు. ఎదుటివారికి ఒక పాయింటు. మనము ఓడినది రెండు పాయింట్లతో.

లాబీ అనగా ఆటస్థలానికి రెండు పక్కలా ఉండే మీటరు వెడల్పు గల పట్టీ. కూతగాడు ఎదుటివానిని అంటిన తరువాతనే, లేదా వాడు ఇతనిని అంటిన తరువాతనే అది ఆటస్థలంలో భాగమవుతుంది. అంతవరకు అది పొరుగువాని పొలం. బాస్కెట్‌బాల్‌ను 1891లో జేమ్స్ నైస్మిత్ కల్పించినప్పుడు వ్రాసిన పదమూడు నియమాలలో అంపైరు మనుషులకు న్యాయనిర్ణేత, రిఫరీ బంతికి న్యాయనిర్ణేత అని పని పంచినాడు. కబడ్డీలో బంతి లేదు. మనిషే బంతి. వాని ఊపిరి తెగిందా లేదా, వాని వేలు తగిలిందా లేదా, వాని మడమ గీత మీద ఉన్నదా ఇవతల ఉన్నదా – అన్నీ ఒక్క క్షణంలో, ఏడెనిమిది దేహాల మధ్య నుండి చూడవలె. ఆ చూపు చూడవలసినవానికి కనురెప్ప వేసే అవకాశం కూడా లేదు. వృత్తి లీగులో తిరిగి చూచుకొనేందుకు టీవీ ఉన్నది. మన మైదానంలో ఉన్నది వేపచెట్టు.

ఆ సాయంత్రం టీ అంగడిలో తీర్పు పక్షం వారు చేసిన వాదాలు మూడు. మనవాడు ముందే ఒకనిని అంటినాడు, కనుక లాబీ తెరచుకొన్నది, మధ్యగీతను అందుకొన్నాడు, కనుక పట్టిన ముగ్గురూ ఔటు – ఇది మొదటిది. మనవాడు ఎవరినీ అంటలేదు, అయినా వానిని వెంబడించి తాకిడి లేకుండా లాబీలోకి వచ్చిన ముగ్గురూ వానితో పాటు ఔటు కావలె – ఇది రెండవది. అంటినాడన్న నోటితోనే అంటలేదనడం ఎట్లా కుదురుతుందని మేము అడిగినాము. ‘ఎట్లా చూచినా ముగ్గురు ఔటే గదా సార్’ అని సమాధానం. న్యాయశాస్త్రం చదివించవలసిన పిల్లలు!

రెండవ వాదాన్ని మాత్రం నవ్వి తోసివేయడానికి వీలు లేదు. దానికి వెనుక పెద్ద సాక్ష్యమే ఉన్నది. 2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్ భారత్, ఇరాన్‌ల మధ్య జరిగినది. ఆట ముగియవచ్చే వేళకు స్కోరు 28-28. పవన్ సెహ్రావత్ మూడవ కూతకు వెళ్ళి ఎవరినీ అంటకుండానే లాబీలోకి పోయినాడు. ఇరాన్ ఆటగాళ్ళు ఆయన వెంట లాబీలోకి వచ్చినారు. పాత నియమం ప్రకారం వెంట వచ్చినవారు కూడా ఔటు. వృత్తి లీగు పాటించే కొత్త నియమం ప్రకారం కూతగాడు ఒక్కడే ఔటు. తీర్పు ఒక మారు ఇటు, ఒక మారు అటు తిరిగినది. ఆటగాళ్ళు మ్యాటు మీద బైఠాయించినారు. సుమారు ఒక గంట ఆట ఆగిపోయినది. చివరకు పాత నియమమే నిలిచి, భారత్‌కు నాలుగు, ఇరాన్‌కు ఒకటి ఇచ్చి, ఆట ముగిసేసరికి 33-29తో మనకు స్వర్ణం దక్కినది. ప్రపంచంలోని మేటి జట్లు రెండూ, వారిని ఆడించే అధికారులూ ఏ నియమం కింద ఆడుతున్నామో ఫైనల్ చివరి నిమిషాలలో తేల్చుకోలేకపోయినారంటే మన మైదానం మాట ఏమి చెప్పవలె?

ఇక్కడ ఒక మాట. అంతకు అయిదేండ్ల ముందు, 2018లో జకార్తాలో, ఇదే ఇరాన్ మనలను సెమీ ఫైనల్‌లో 27-18తో ఓడించినది. 1990 నుండి 2014 దాకా జరిగిన ఏడు ఆసియా క్రీడలలోనూ పురుషుల స్వర్ణం మనదే. ఆ గొలుసు ఆనాడు తెగినది. నలభై నిమిషాలలో 18 పాయింట్లు. ఆ ఓటమిని ఏ లాబీ మీదా వేయడానికి వీలులేదు. మన తీర్పు పక్షం వారికి 2023 కంఠస్థం, 2018 మాత్రం స్మృతిపథంలో లేదు.

మూడవ వాదం బిగ్గరగా చెప్పబడలేదు. గ్లాసులు కింద పెట్టిన తరువాత, గొంతు తగ్గించి చెప్పబడినది. మన కళాశాల పేరు చూచి తీర్పు ఇచ్చినారని. మన పిల్లల పేర్లు చూచి అని. ఆ మాట అన్నవాడు తుంటరి కాడు, తరగతిలో మొదటి వరుసవాడు. జట్టులో హిందువుల పిల్లలు ముగ్గురు ఉన్నారు. వారిలో ఒకడు అక్కడే కూర్చొని ఉన్నాడు. వాడు కాదనలేదు, అవుననలేదు, తలవంచుకొని బిస్కట్టు తుంచుతున్నాడు. అటువంటి పక్షపాతం లోకంలో లేదని మేము చెప్పబోవడం లేదు. ఇల్లు అద్దెకు అడగబోయి, పేరు చెప్పిన తరువాత గది లేదనిపించుకొన్నవారము, తిరుపతిలో ఎం.ఏ. చదివే రోజులలో ఆ జవాబు ఒక వీధిలోనే మూడు మార్లు విన్నాము. కనుక ఆ పిల్లవానిని మందలించడానికి మాకు నోరు రాలేదు. అయితే ఆ రిఫరీ అట్టివాడని చెప్పడానికి మన చేతిలో ఉన్నదేమి? అదే పోటీలో ఎదుటి జట్టు నాయకునికి ఊపిరి తెగినదని కూత ఆపించి ఔటు ఇచ్చినది ఆయనే. అప్పుడు మనము చప్పట్లు కొట్టినాము.

మూడు రోజులకు కమిటీ పెద్దలు సమావేశమై, పోటీల నిర్వాహకులకు ఒక ఫిర్యాదు పంపవలెననీ, అది మంచి తెలుగులో ఉండవలె గనుక మేము వ్రాయవలెననీ నిర్ణయించినారు. మూడు వాదాలూ అందులో ఉండవలెనని ఒక పెద్దమనిషి సూచన. ‘గట్టిగా వ్రాయండి, లెక్చరర్ సాబ్’ అన్నారు ఆయన. గట్టిగా వ్రాయడం కష్టం కాదు. తెలుగులో తిట్టుకు కొరత ఎన్నడూ లేదు.

కలం పట్టే ముందు కూతకు వెళ్ళినవానినే అడుగుట ధర్మమని తోచినది. ఇన్ని రోజులుగా ఊరంతా అంటినాడనీ అంటలేదనీ కొట్టుకొంటున్నది గాని, వానిని అడిగినవారు లేరు. గ్రంథాలయం మెట్ల మీద దొరికినాడు. మోచేతి గాయం అప్పటికింకా మానలేదు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, పదవ తరగతి దాకా చదివినదీ ఉర్దూ మాధ్యమంలోనే. మాతో మాత్రం పట్టుబట్టి తెలుగులో మాట్లాడతాడు.

‘తగల్లేదు సార్,’ అన్నాడు. ‘వాడి చొక్కా అంచు తగిలిందేమో అనుకున్నా. తగల్లేదు. నాకు తెలుస్తది గదా.’

మరి ఆ మాట అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగినాము.

‘రిఫరీ ఔట్ అన్నాడు, నేను లేచి పోయినా. ఇంకేం చెప్పాల సార్? తరువాత ఈడికొస్తే అందరూ తగిలింది తగిలింది అంటా ఉన్నారు. మా నాయన కూడా అన్నాడు.’ కొంతసేపు ఆగి, ‘లెటర్లో తగిలిందని రాయొద్దు సార్. వాళ్ళు నన్ను పిలిచి అడిగితే నేను అబద్ధం చెప్పలేను. మన పేరు పోతాది’ అన్నాడు.

మన పేరు అన్నప్పుడు వాడు ఏ పేరును తలచుకొన్నాడో మేము అడుగలేదు.

ఆ రాత్రి వ్రాసిన ఫిర్యాదులో మొదటి వాదం లేదు. మూడవ వాదం లేదు. ఉన్నది ఒక్క ప్రశ్న: తాకిడి లేకుండా కూతగాడు లాబీలోకి పోయినప్పుడు, వెంబడించి వచ్చిన పట్టువారి విషయంలో ఈ పోటీలలో ఏ నియమం అమలులో ఉన్నది? ఆ నియమం పోటీకి ముందు ఉభయ జట్లకూ తెలియజేయబడినదా? తెలియజేయబడి ఉండకపోతే ఇకమీదట తెలియజేయగోరుతున్నాము. హాంగ్‌జౌ ఉదంతాన్ని రెండు వాక్యాలలో చెప్పి, తేదీ వేసి ముగించినాము. మొత్తం అరపుట.

కమిటీలో చదివి వినిపించినప్పుడు గట్టిగా వ్రాయమన్న పెద్దమనిషి, ‘మసాలా లేని బిర్యానీ వండినారు సాబ్’ అన్నారు. మాకూ ఆకలి ఉన్నది, మసాలా అంటే ఇష్టమే. కాని మసాలా ఎక్కువైన వంటను ఎదుటివాడు ఒక ముద్ద రుచి చూచి పక్కకు నెట్టవచ్చును. ఆ పళ్ళెంలో తినదగిన ముక్క ఉన్నా వాని కంట పడదు. మనసులోని పక్షపాతాన్ని ఎవరూ చూపలేరు. లాబీలో పడిన మూడు జతల కాళ్ళను అందరూ చూచినారు. చూచినదానిని గురించి అడిగితే జవాబు చెప్పక తప్పదు. ఇది పిరికితనమని అనుకొన్నవారు ఆ సమావేశంలో ఇద్దరు ఉన్నారు. ఈ వ్యాసం వారు చదువుతారని తెలిసే వ్రాస్తున్నాము. మూడవ వాదం అన్న మొదటి వరుస విద్యార్థి కూడా ఇంతవరకు మా అభిప్రాయానికి రాలేదు. రావలసిన నిర్బంధమూ లేదు. వాడు చెప్పినది నిజమని రేపు ఒక పోటీలో కళ్ళకు కట్టినట్లు కనబడితే, ఆ నాటి ఫిర్యాదు కూడా మేమే వ్రాస్తాము. అది అరపుటలో ముగియదు.

ఈ మధ్యలో కూత పక్షం వారు ఊరకుండలేదు. మా నోటుపుస్తకంలోని లఘువుల పుటను నకలు చేసి పి.డి. గారికి చూపించినారు. ఆయన మొదట మా వైపు కొంచెం కినుకగా చూచినారు. ఛందస్సు వారు తమ పొలంలో కాలు పెట్టినారని కాబోలు. అయినా మరునాటి అభ్యాసం నుండి కూతకు ముగ్గురిని మార్చి మార్చి పంపడం మొదలయినది. పట్టుకే పుట్టినాడనుకొన్న ఒక బరువైన కుర్రవాడు రెండవ కూతకు వెళ్ళి, గీత దాటగానే వెనుదిరుగక, మూలనున్నవానిని కాలితో మీటి వచ్చినాడు. మూడవ కూత దాకా పోకుండానే పాయింటు. ఎడమకాలి కుర్రవాడు గట్టున కూర్చొని అది చూచి ఈల వేసినాడు. వానికి విశ్రాంతి ఇచ్చినందుకు వాని అభిమానులు పి.డి. గారి మీద అలిగినారని వేరే చెప్పాలా?

నిర్వాహకుల నుండి జవాబు మూడు వరుసలలో వచ్చినది. జరిగిన ఫలితంలో మార్పు ఉండదు. ఇకపై ప్రతి పోటీకి ముందు లాబీ నియమాన్ని ఉభయ నాయకులకు చదివి వినిపిస్తారు. రెండు పాయింట్ల ఓటమి ఓటమిగానే నిలిచినది. టీ అంగడిలో దీనిని గెలుపని కొందరు, చెంపపెట్టని కొందరు వ్యాఖ్యానించినారు.

మూడవ పోటీనాడు రిఫరీ, వేరొకాయన, రెండు జట్లనూ మధ్యగీత వద్దకు పిలిచి కాగితం చూచి చదివినాడు. తాకిడి లేకుండా లాబీలోకి పోతే కూతగాడు ఒక్కడే ఔటు. వెంట వచ్చినవారు కారు. మన జట్టులో ఒకడు వెనుకనున్నవారికి దానిని ఉర్దూలో చెప్పినాడు. ఎడమకాలి కుర్రవాడు చేయెత్తి, ‘రెండు టీములకీ ఇదేనా సార్?’ అని అడిగినాడు. ‘ఇద్దరికీ ఇదే’ అన్నాడు రిఫరీ. వాడు తల ఊపి, అరచేతులకు మట్టి రాసుకొన్నాడు.

తాడు వెనుక అప్పుడే ఒకడు, ‘మొన్న కూడా ఇట్లనే చదివుండొచ్చు గదా’ అన్నాడు. మరొకడు వానిని ఊరుకోమన్నాడు. ఈల మోగింది. మనవారి తొలి కూత గీత దాటి, ఎవరినీ అంటక తిరిగి వచ్చినది. మేము పుస్తకం తెరచి ఒక లఘువు వేసినాము.